లాభాపేక్షరహిత సంస్థల సాంకేతిక సదస్సులు: తెలుగు వికీమీడియా అనుభవం, కడప జిల్లాకు అన్వయం

వ్యాస సంగ్రహం:

లాభాపేక్ష లేకుండా పనిచేసే సంస్థలకు సాంకేతికత తప్పనిసరి అవసరం. దానిని నేర్చుకోవడానికి, ఇతరులతో పంచుకోవడానికి ఆ సంస్థలు సదస్సులను ఆశ్రయిస్తాయి. తెలుగులో ఇటువంటి సదస్సులు ఏ విధంగా రూపుదిద్దుకున్నాయో, వాటిలో పాల్గొనేవారు, వాటిని నిర్వహించేవారు గమనించవలసిన అంశాలు ఏమిటో తెలుగు వికీపీడియా సముదాయపు అనుభవం ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. సదస్సు విలువను వేదికపై చదివిన పత్రాల సంఖ్యతో గాక, సదస్సు ముగిసిన తరువాత కొనసాగిన పనితో కొలవాలన్నది ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన. పెండ్లిమర్రి, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిసరాలను దృష్టిలో ఉంచుకొని, కడప జిల్లాలో ఇటువంటి సదస్సుకు ఉండదగిన స్వరూపాన్ని చివరి భాగంలో సూచించడం జరిగింది.

కీలకపదాలు: లాభాపేక్షరహిత సంస్థలు, సాంకేతిక సదస్సు, తెలుగు వికీపీడియా, వికీసోర్స్, యూనికోడ్, కడప జిల్లా, బ్రౌన్ గ్రంథాలయం.

1. ఉపోద్ఘాతం

గ్రంథాలయ సంఘం, సాహిత్య పరిషత్తు, రైతు సంఘం, బాలల విద్య కోసం కృషి చేసే సంస్థ - ఇవన్నీ లాభాపేక్షరహిత సంస్థలే. వీటిలో దేనికైనా నేడు సభ్యుల జాబితా, జమాఖర్చుల లెక్క, ఛాయాచిత్రాల భద్రత, ప్రచురణల పంపిణీ కంప్యూటరు లేకుండా సాగడం లేదు. అయితే వాణిజ్య సంస్థకు ఉన్నట్లు వీటికి ప్రత్యేక సాంకేతిక విభాగం ఉండదు. కంప్యూటరు తెలిసిన ఒక యువకుడో, ఒక ఉపాధ్యాయురాలో ఆ బాధ్యతను మోస్తుంటారు. వారు ఊరు మారితే సంస్థ సమాచారం వారితోపాటే మాయమవుతుంది. ఈ బలహీనతను అధిగమించడానికి ఒకే రకం పని చేసేవారు ఒకచోట కలుసుకొని, తమకు తెలిసినది చెప్పుకొని, తెలియనిది అడిగి తెలుసుకొనే ఏర్పాటే సాంకేతిక సదస్సు.

ప్రపంచవ్యాప్తంగా ఇటువంటి సదస్సులకు ఒక సంప్రదాయం ఏర్పడింది. అమెరికాలో ఎన్‌టెన్ అనే సంస్థ లాభాపేక్షరహిత సంస్థల సాంకేతికతపైనే ఏటా ఒక పెద్ద సదస్సును నిర్వహిస్తున్నది. 1987లో కాంప్యుమెంటర్ అన్న పేరుతో మొదలైన టెక్‌సూప్ సంస్థ, స్వచ్ఛంద సంస్థలకు సాఫ్ట్‌వేర్‌ను విరాళంగా అందించే వ్యవస్థను నిర్మించింది. ఈ రెండింటి దృష్టీ ప్రధానంగా సంస్థ కార్యాలయంపైన ఉంటుంది. తెలుగులో మనకు దగ్గరగా కనిపించే ఉదాహరణ కొంత భిన్నమైనది. ఇక్కడ సదస్సులను నడిపినవారు కార్యాలయాలు, జీతాలు ఉన్న ఉద్యోగులు కారు. తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని అంతర్జాలంలో నిర్మించాలనుకున్న స్వచ్ఛంద రచయితలు. తెలుగు శాఖలలో బోధన, పరిశోధన సాగించేవారికి ఈ ఉదాహరణ మరింత ఉపయుక్తమైనది. అందుచేత దానినే ఈ వ్యాసానికి ఆధారంగా గ్రహించడమైనది.

2. తెలుగులో సాంకేతిక సదస్సుల పరిణామం

2.1 పూర్వరంగం: లిపి సమస్య

తెలుగు లిపికి యూనికోడ్ ప్రమాణంలో 1991లో వెలువడిన మొదటి సంచికలోనే స్థానం లభించింది. ప్రపంచ లిపులన్నింటికీ సంకేతాలను నిర్ణయించే యూనికోడ్ కన్సార్టియం కూడా లాభాపేక్షరహిత సంస్థే. కాని ప్రమాణం ఉండటం వేరు, దానిని వాడటం వేరు. ఆ తరువాత చాలా కాలం వరకు మన అచ్చు ప్రపంచం అను వంటి యూనికోడేతర ఖతులతోనే నడిచింది. ఆ ఖతులలో కూర్చిన పుస్తకం కాగితంపై చక్కగా కనిపిస్తుంది. కంప్యూటరుకు మాత్రం అది తెలుగు కాదు. దానిలో ఒక పదాన్ని వెదకలేము, మార్పిడి చేయకుండా మరొక చోట ప్రదర్శించలేము. చిన్న సాహిత్య సంస్థలు ఎన్నో ఏళ్ళపాటు శ్రమించి వెలువరించిన సంచికలు ఈ కారణంగా వెదకడానికి వీలులేని రాశులుగా మిగిలిపోయాయి. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఖతులు, వెన్న నాగార్జున ప్రారంభించిన పద్మ లిప్యంతరీకరణ సాధనం వంటివి వ్యక్తుల స్వచ్ఛంద కృషితో ఈ అంతరాన్ని పూడ్చడానికి తోడ్పడ్డాయి.

2.2 తెలుగు వికీపీడియా సముదాయం

వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లంలో మొదలైంది. దానిని నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ 2003లో లాభాపేక్షరహిత సంస్థగా ఏర్పడింది. అదే సంవత్సరం డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమైంది. వికీమీడియా ఉద్యమపు మొదటి అంతర్జాతీయ సదస్సు వికీమేనియా 2005 ఆగస్టులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది. భారతీయ భాషల సముదాయాలన్నీ కలిసే వికీ కాన్ఫరెన్స్ ఇండియా 2011 నవంబరులో ముంబయిలోను, 2016 ఆగస్టులో చండీగఢ్ సమీపంలోని మొహాలీలోను, 2023 ఏప్రిల్ 28 నుంచి 30 వరకు హైదరాబాదులోను జరిగింది.

తెలుగు సముదాయపు సమావేశాలు మాత్రం చిన్న కలయికలతో మొదలయ్యాయి. ఈ-తెలుగు సంస్థ కార్యకర్తలు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో అంగడి ఏర్పాటు చేసి, కంప్యూటరులో తెలుగు రాయవచ్చునని సందర్శకులకు చూపించేవారు. హైదరాబాదులోని గోల్డెన్ త్రెషోల్డ్ వంటి చోట్ల నెలవారీ సమావేశాలు జరిగాయి. 2014 ఫిబ్రవరి 15, 16 తేదీలలో విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు, 2015 ఫిబ్రవరిలో తిరుపతిలో వార్షికోత్సవాలు, 2024 జనవరి 26 నుంచి 28 వరకు విశాఖపట్నంలో ఇరవయ్యేళ్ళ వేడుకలు జరిగాయి. దశాబ్ది సందర్భంగా సముదాయం నెలకొల్పిన పురస్కారానికి కొమర్రాజు లక్ష్మణరావు పేరు పెట్టడం అర్థవంతమైన విషయం. 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, తరువాత ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని తలపెట్టిన లక్ష్మణరావుగారి కృషికి ఈ సముదాయం తనను వారసురాలిగా భావించుకున్నది.

2.3 అంతర్జాల సదస్సు

ప్రవాసాంధ్రుల వైపు నుంచి జరిగిన ప్రయత్నం కూడా గమనించదగినది. 2001లో కాలిఫోర్నియాలో ఏర్పడిన సిలికానాంధ్ర, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సహకారంతో 2011 సెప్టెంబరు 28 నుంచి 30 వరకు సిలికాన్ వ్యాలీలో అంతర్జాతీయ తెలుగు అంతర్జాల సదస్సును నిర్వహించింది. ఆ కాలంలోనే రాష్ట్ర ప్రభుత్వం యూనికోడ్ కన్సార్టియంలో సభ్యత్వం పొందింది. ఆ తరువాతి సంవత్సరాలలో మండలి, సురవరం, గిడుగు, గురజాడ, ధూర్జటి, తిమ్మన వంటి పేర్లతో తెలుగు యూనికోడ్ ఖతులు ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన అనుమతితో సిలికానాంధ్ర ద్వారా వెలువడ్డాయి. సదస్సులో చేసిన ప్రసంగాలు నేడు కొద్దిమందికే గుర్తుండవచ్చు. ఆ ఖతులను మాత్రం సదస్సు పేరైనా తెలియనివారు వాడుతున్నారు. సదస్సు విలువను ఎక్కడ వెదకాలో ఈ ఉదాహరణ సూచిస్తున్నది.

3. పత్ర సదస్సు - పని సదస్సు

మన విశ్వవిద్యాలయాలలో, కళాశాలలలో జరిగే జాతీయ సదస్సుల తీరు ఈ పత్రిక పాఠకులకు సుపరిచితం. ప్రారంభ సభ, కీలకోపన్యాసం, సమాంతర సమావేశాలు, పత్ర సమర్పణలు, సమాపనోత్సవం, ప్రశంసాపత్రాలు - ఇదీ క్రమం. కొత్త పరిశోధనను విజ్ఞుల ముందుంచి విమర్శను స్వీకరించడానికి ఈ రూపం ఏర్పడింది. ఆ ప్రయోజనానికి ఇది తగినదే. కాని అదే రూపాన్ని యథాతథంగా సాంకేతిక సదస్సుకు వర్తింపజేస్తే ఫలితం దక్కదు. యూనికోడ్ ఆవశ్యకతపై ఇరవై పత్రాలు చదివించి, ఆ పత్రాలన్నింటినీ యూనికోడేతర ఖతిలో అచ్చువేయడం వంటి వైరుధ్యం అక్కడే పుడుతుంది.

పని సదస్సు స్వరూపం వేరు. దీనిలో మూడు లక్షణాలు ప్రధానంగా కనిపిస్తాయి.

మొదటిది, ప్రణాళిక బహిరంగంగా ఉండటం. వికీమీడియా సముదాయాలలో సదస్సు ప్రతిపాదన, కార్యక్రమ వివరాలు, కోరిన నిధుల పద్దులు, ముగిసిన తరువాత నివేదిక అందరూ చూడగల పుటలలో ఉంటాయి. తెలుగు వికీపీడియాలో సాధారణ చర్చలు జరిగే పుటకు రచ్చబండ అని పేరు. ఊరి రచ్చబండపై జరిగినట్లే అక్కడ కూడా ఎవరైనా ప్రశ్నించవచ్చు.

రెండవది, పాల్గొనేవారి ఎంపిక పనినిబట్టి ఉండటం. జాతీయ స్థాయి సదస్సులకు ప్రయాణ, వసతి సహాయం కోరేవారు తాము అంతవరకు చేసిన కృషిని, సదస్సు తరువాత చేయదలచినదానిని వివరిస్తూ దరఖాస్తు చేసుకుంటారు. హోదాకు ఇక్కడ ప్రాధాన్యం తక్కువ. విశ్రాంత ఉద్యోగి, గృహిణి, పట్టభద్ర విద్యార్థి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు.

మూడవది, నమోదు సమష్టిగా జరగడం. ప్రసంగం సాగుతుండగానే శ్రోతలు ఒకే పుటపై ఏకకాలంలో గమనికలు రాస్తారు. ఈథర్‌ప్యాడ్ వంటి సాధనాలు ఇందుకు ఉపకరిస్తాయి. ఛాయాచిత్రాలను స్వేచ్ఛానుమతితో వికీమీడియా కామన్స్‌లో చేరుస్తారు. హాజరు కాలేనివారికి కూడా సదస్సు కొంతమేరకు అందుతుంది.

ఈ రెండు రూపాలలో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ప్రయోజనాన్ని ముందు నిర్ణయించుకొని రూపాన్ని ఎంచుకోవాలన్నదే వివక్షితం.

4. సదస్సులో పాల్గొనేవారికి

చిన్న సంస్థ తన ప్రతినిధిని సదస్సుకు పంపడమంటే దాతలిచ్చిన సొమ్మును, ఒక కార్యకర్త విలువైన కాలాన్ని వెచ్చించడమే. ఆ వ్యయం సార్థకం కావాలంటే ప్రయాణానికి ముందే కొంత సిద్ధత అవసరం.

వెళ్ళేవారు తమ సంస్థకు ఉన్న ఒక సమస్యను నిర్దిష్టంగా రాసుకోవాలి. "మా సంస్థకు సాంకేతికత కావాలి" అనే వాక్యానికి ఎవరూ సమాధానం చెప్పలేరు. "ఇరవై ఏళ్ళ మా పత్రిక సంచికలు పాత ఖతిలో ఉన్నాయి; వాటిని వెదకగలిగే రూపంలోకి మార్చాలి" అన్నప్పుడు వినేవారికి పని అర్థమవుతుంది. ఆ సంచికలలో నాలుగు పుటల నమూనాను వెంట తీసుకుపోతే మరింత మేలు. సాంకేతిక నిపుణుడు వర్ణనకంటె నమూనాను చూసి త్వరగా సలహా ఇవ్వగలడు.

సదస్సు జరిగేటప్పుడు ప్రతి సమావేశానికీ హాజరు కావాలన్న ఆతురత అనవసరం. భోజన విరామంలో అదే సమస్యను పరిష్కరించుకున్న మరొక సంస్థవారితో అరగంట కూర్చోవడం ఒక్కొక్కసారి పూర్తి సమావేశంకంటె ఎక్కువ ఫలితాన్నిస్తుంది. వారు ఏ సాధనం వాడారు, ఎంతకాలం పట్టింది, ఎక్కడ విఫలమయ్యారు అన్న మూడు ప్రశ్నలు తప్పక అడగదగినవి. వైఫల్యాన్ని వేదికపై చెప్పడానికి చాలామంది సంకోచిస్తారు. బల్ల దగ్గర చెబుతారు.

తిరిగి వచ్చిన తరువాత వారంలోగా సంస్థ సభ్యులందరికీ తెలుగులో నివేదిక అందించాలి. తెలుసుకున్నది, సంస్థ వెంటనే చేయదగినది, దానికి బాధ్యులు, సందేహం వస్తే సంప్రదించదగిన సముదాయం - ఈ వివరాలు దానిలో ఉంటే చాలు. ఈ నివేదిక లేనప్పుడు సదస్సు ఒక వ్యక్తి జ్ఞాపకంగానే మిగులుతుంది.

భాషాసాహిత్యాల అధ్యాపకులు ఇటువంటి సదస్సులు తమకు సంబంధించినవి కావని భావించడం కద్దు. ఈ భావన పునఃపరిశీలించదగినది. ప్రాచీన తెలుగు శాసనాలలో కనిపించి, తరువాత వాడుకలోనుంచి తొలగిపోయిన ఴ అనే అక్షరానికి యూనికోడ్‌లో స్థానం లభించింది 2014లో వెలువడిన ఏడవ సంచికలోనే. శాసన తెలుగుకు చెందిన మరొక అక్షరం 2015లోను, పాత అచ్చు పుస్తకాలలో కనిపించే నకారపొల్లు 2021లోను చేరాయి. ఒక అక్షరం ప్రాచీన గ్రంథాలలో నిజంగా ఉన్నదని ఆధారాలతో నిరూపించగలవారు భాషావేత్తలు. దానికి సంకేతాన్ని కూర్చగలవారు సాంకేతిక నిపుణులు. వీరు కలుసుకోకపోతే శాసన పాఠాన్ని కంప్యూటరులో యథాతథంగా రాయడమే సాధ్యం కాదు.

5. నిర్వాహకులకు

5.1 కాలం, స్థలం

పరీక్షల కాలాన్ని, వ్యవసాయ పనులు ముమ్మరంగా సాగే రోజులను తప్పించాలి. రాయలసీమలో ఏప్రిల్, మే నెలల ఎండలు దూరప్రయాణానికి అనుకూలం కావు. పెద్ద సభామందిరంకంటె కంప్యూటర్ల గది ఉన్న కళాశాల మేలు. వేదిక అలంకరణకంటె విద్యుత్తు, దానికి ప్రత్యామ్నాయం, ప్రతి వరుసకూ ప్లగ్గులు, నమ్మదగిన అంతర్జాల సౌకర్యం ముఖ్యం. వీటిని సదస్సు నాటి ఉదయం కాక, వారం ముందు అంతమంది కూర్చున్నప్పుడు కలిగే ఒత్తిడిలోనే పరీక్షించాలి.

5.2 సాంకేతిక సన్నాహం

పైకి చిన్నవిగా కనిపించే నియమాలు శిక్షణను నిలిపివేయగలవు. ఒకే ఐ.పి. చిరునామా నుంచి ఒక రోజులో వికీపీడియాలో ఆరు కొత్త ఖాతాలకు మాత్రమే సాధారణంగా అనుమతి ఉంటుంది. దుర్వినియోగాన్ని అరికట్టడానికి పెట్టిన నియమమిది. కళాశాలలోని కంప్యూటర్లన్నీ బయటి ప్రపంచానికి ఒకే చిరునామాగా కనిపిస్తాయి కనుక ఏడవ విద్యార్థి ఖాతా తెరవలేడు. నలభైమందిని కూర్చోబెట్టిన తరువాత ఈ సంగతి తెలిస్తే పూట వృథా అవుతుంది. పాల్గొనేవారిని ముందుగానే ఇంటి దగ్గర ఖాతాలు తెరుచుకొమ్మని కోరడం, లేదా సముదాయ నిర్వాహకుల ద్వారా ముందే మినహాయింపు పొందడం దీనికి పరిష్కారం.

తెలుగు టైపింగు విషయం కూడా ఇటువంటిదే. కొందరికి ఇన్‌స్క్రిప్ట్ అలవాటు, కొందరికి ఆంగ్లాక్షరాలతో తెలుగు రాయడం అలవాటు, విద్యార్థులలో ఎక్కువమందికి చరవాణి మీటలే తెలుసు. అందరినీ ఒకే పద్ధతికి మరల్చాలనుకోవడం కంటె, ఎవరికి వచ్చిన పద్ధతిలో వారిని రాయనిచ్చి, యూనికోడ్ నియమాన్ని మాత్రం పాటింపజేయడం ఉచితం.

5.3 భాష

సదస్సు భాష ఎవరు మాట్లాడగలరో, ఎవరు మౌనంగా ఉండిపోతారో నిర్ణయిస్తుంది. జాతీయ సదస్సులలో ఆంగ్లం అనివార్యం కావచ్చు. జిల్లా స్థాయిలో దానికి కారణం లేదు. సర్వర్, ఫైలు, లింకు వంటి పదాలు అందరికీ తెలిసినవే. వాటిని అలాగే వాడి, వివరణను తెలుగులో చెప్పడం సులభం. తెలుగు వికీపీడియా సముదాయం వాడుకరి, దిద్దుబాటు, మొలక వంటి పదాలను నిత్య వ్యవహారంలోకి తెచ్చింది. ఈ పదాలు ఏ పరిభాషా సంఘంలోనూ పుట్టలేదు. పని చేస్తుండగా స్థిరపడ్డాయి. సదస్సు పదసృష్టికి కూడా క్షేత్రమని ఇది తెలుపుతున్నది.

5.4 నిధులు, జవాబుదారీతనం

సొసైటీగా లేదా ట్రస్టుగా నమోదైన సంస్థ తన జమాఖర్చులకు చట్టరీత్యా బాధ్యత వహిస్తుంది. విదేశీ విరాళాలకు 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం వర్తిస్తుంది. నిధుల కేటాయింపులో మొదటి ప్రాధాన్యం పాల్గొనేవారి ప్రయాణానికి, భోజనానికి దక్కాలి. జ్ఞాపికలు, శాలువలు, ముద్రిత ఫలకాలు తరువాతివి. ముఖ్య అతిథి ప్రయాణానికి వెచ్చించే సొమ్ముతో ఎందరు గ్రామీణ కార్యకర్తలు రాగలరో లెక్కించుకొని నిర్ణయించడం ధర్మం. సదస్సు తరువాత సాగవలసిన పనికి కొంత మొత్తాన్ని మొదటే విడిగా ఉంచాలి. చాలా సదస్సుల పద్దులలో ఈ వరుస కనిపించదు. కొనసాగింపు కుంటుపడటానికి ఇదొక ముఖ్య కారణం.

5.5 ప్రవర్తన నియమాలు

పాల్గొనేవారందరికీ గౌరవం, భద్రత ఉండాలన్నది వికీమీడియా సదస్సులలో లిఖిత నియమం. అనుచిత ప్రవర్తన ఎదురైతే ఎవరిని సంప్రదించాలో ముందే ప్రకటిస్తారు. ఛాయాచిత్రం వద్దనుకొనేవారు గుర్తింపు పట్టీ రంగుద్వారా ఆ సంగతి తెలిపే పద్ధతి కూడా ఉంది. పాల్గొనేవారి ఫోను నంబర్లను అనుమతి లేకుండా పంచుకోకూడదు. స్త్రీల భాగస్వామ్యం పెరగాలంటే సమావేశాలు ఏ వేళకు ముగుస్తాయన్నది కూడా ఆలోచించాలి. ఆఖరి బస్సు వెళ్ళిపోయిన తరువాత జరిగే చర్చ ఎంత విలువైనదైనా కొందరికి అందదు.

6. కడప జిల్లాకు అన్వయం

6.1 వనరులు

కడప ప్రాంతానికి, సమష్టి పాఠ పరిష్కరణకు పాత సంబంధం ఉంది. 1820లలో సి.పి. బ్రౌన్ కడపలోని తన బంగళాలో పండితులను నియమించుకొని, సొంత సొమ్ముతో తెలుగు కావ్యాల ప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ స్థలంలోనే జానమద్ది హనుమచ్ఛాస్త్రి అవిరళ కృషితో బ్రౌన్ గ్రంథాలయం వెలసింది. నేడది యోగివేమన విశ్వవిద్యాలయానికి చెందిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. మెకంజీ సేకరించిన కైఫియతులలో కడప జిల్లాకు సంబంధించినవి సంపుటాలుగా ఆ కేంద్రం నుంచి వెలువడ్డాయి.

జమ్మలమడుగు సమీపంలోని గండికోట, ప్రొద్దుటూరుకు చేరువలో ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ల - ఇవి తెలుగువారి చరిత్రలో ప్రధాన స్థానాలు. లభించిన తొలి తెలుగు శాసనాలలో ఒకటిగా పరిగణించే రేనాటి చోళ ధనంజయుని శాసనం కలమళ్లకు చెందినది. క్రీ.శ. 575 ప్రాంతానిదిగా చరిత్రకారులు దానిని నిర్ణయించారు. ఎండకు, వానకు, ఉపేక్షకు రాతి అక్షరం కూడా అరిగిపోతుంది. జిల్లాలోని ఆలయ ప్రాంగణాలలో, పొలాలలో ఉన్న శాసనాలను స్పష్టమైన ఛాయాచిత్రాలతో, స్థల వివరాలతో నమోదు చేయడం ఆలస్యమయ్యేకొద్దీ చదవదగిన అక్షరాల సంఖ్య తగ్గుతుంది. ఈ పనికి కావలసింది పెద్ద ప్రయోగశాల కాదు. చరవాణి ఉన్న విద్యార్థి, చదవగల అధ్యాపకుడు, భద్రపరిచే బహిరంగ వేదిక.

6.2 ప్రతిపాదిత స్వరూపం

పెండ్లిమర్రి కడప-పులివెందుల మార్గంలో ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి కడపకు ఉదయం వచ్చి సాయంత్రం తిరిగిపోవచ్చు. కనుక ఈ జిల్లాలో సదస్సు రాత్రి బసతో కూడిన వ్యయభరిత కార్యక్రమంగా ఉండనక్కరలేదు. ఒక రోజు కడపలోను, నెల తరువాత మరొక రోజు ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో జరిగే రెండు భాగాల సదస్సును ఊహించవచ్చు. మధ్యనున్న నెలయే అసలైన సదస్సు.

మొదటి రోజు ఉదయం ఒక్క గంట మాత్రమే ప్రసంగాలకు కేటాయించి, తక్కిన సమయాన్ని మూడు బల్లలుగా విభజించవచ్చు. ఒక బల్లపై తమ మండలంలోని గ్రామాలు, ఆలయాలు, రచయితల గురించి తెలుగు వికీపీడియాలో ఉన్న వ్యాసాలను సరిచూసి, ఆధారాలు చేర్చడం. రెండవ బల్లపై కాలపరిమితి తీరిన పుస్తకాలను వికీసోర్స్‌లో అచ్చుదిద్దడం. మూడవ బల్లపై స్థానిక సంస్థల పాత ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చడం.

రెండవ బల్ల పని తెలుగు విద్యార్థులకు ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. స్కాన్ చేసిన పుటను యంత్రం చదివి అక్షరాలుగా మార్చినప్పుడు అరసున్న, శకటరేఫ, వలపలగిలక ఉన్నచోట తరచు తడబడుతుంది. వికీసోర్స్‌లో ఒకరు దిద్దిన పుట పసుపు రంగులోను, మరొకరు సరిచూసి ఆమోదించిన పుట ఆకుపచ్చ రంగులోను కనిపిస్తుంది. ఇద్దరి కళ్ళు పడనిదే పుట పూర్తి కాదు. బ్రౌన్ పండితులు తాళపత్రాలతో చేసిన పోలికకు, ఈ పద్ధతికి స్వభావంలో భేదం లేదు. ఛందస్సు తెలిసిన విద్యార్థి యతి భంగాన్నిబట్టి యంత్రం చేసిన తప్పును పట్టుకోగలడు. తరగతిలో నేర్చిన లక్షణ శాస్త్రం సమాజానికి ఉపయోగపడటాన్ని అతడు అక్కడ స్వయంగా చూస్తాడు.

అయితే హక్కుల విషయంలో జాగ్రత్త అవసరం. భారతీయ కాపీరైటు చట్టం 1957 ప్రకారం రచయిత మరణించిన తరువాతి సంవత్సరారంభం నుంచి 60 ఏళ్ళపాటు రచనపై హక్కు ఉంటుంది. 1884లో మరణించిన బ్రౌన్ రచనలకు అడ్డులేదు. ప్రొద్దుటూరు, కడపలతో గాఢమైన అనుబంధం గల పుట్టపర్తి నారాయణాచార్యులు 1990లో మరణించారు. వారి రచనలపై హక్కు 2050 చివరి వరకు ఉంటుంది. అటువంటి రచనలను హక్కుదారుల లిఖితపూర్వక అనుమతి లేనిదే చేర్చరాదు. అభిమానం అనుమతి కాజాలదు.

6.3 కొనసాగింపు

మొదటి రోజున ప్రతి బల్లకూ ఒక సమన్వయకర్తను ఎన్నుకొని, నెల రోజులలో పూర్తి చేయదగిన చిన్న పనిని అప్పగించాలి. ఒక పుస్తకం, ఒక మండలం, ఒక సంస్థ సంచికలు - ఇంతే పరిమితి. రెండవ రోజున ఉపన్యాసాలకు బదులు ఆ పని ఫలితాన్ని, ఎదురైన అడ్డంకులను వినిపించాలి. విద్యార్థులు చదువు ముగించి ఊళ్ళు వదలి వెళ్ళడం సహజం. అందుచేత సంకేతపదాలు, ఫైళ్ళు, పరిచయాలు ఒక్కరి దగ్గరే ఉండకుండా కనీసం ఇద్దరి దగ్గర ఉండేటట్లు చూడాలి. ఆరు నెలల తరువాత ఎందరు ఇంకా పనిచేస్తున్నారో, ఎన్ని పుటలు ఆకుపచ్చగా మారాయో లెక్కించి బహిరంగంగా ప్రకటించాలి. ఆ సంఖ్య చిన్నదైనా దాచనవసరం లేదు. తరువాతి నిర్వాహకునికి అదే మొదటి పాఠం.

7. ముగింపు

పై పరిశీలన ఆధారంగా ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

1. లాభాపేక్షరహిత సంస్థలకు సాంకేతిక సదస్సు ప్రసంగ వేదికగా కంటె పని వేదికగా ఎక్కువ ప్రయోజనకరం. తెలుగులో అంతర్జాల సదస్సు కాలపు ఖతులు, వికీ సముదాయాల అనుభవం దీనిని బలపరుస్తున్నాయి.

2. ప్రణాళిక, పద్దులు, ఫలితాలు బహిరంగంగా ఉన్నప్పుడు దాతలకు, కార్యకర్తలకు నమ్మకం కలుగుతుంది. తరువాత నిర్వహించేవారికి మార్గం సుగమమవుతుంది.

3. పాల్గొనేవారు నిర్దిష్టమైన సమస్యతో వెళ్ళి, తెలుగులో రాసిన నివేదికతో తిరిగి రావాలి.

4. స్థలం, వేళ, భాష, ప్రయాణ వ్యయం అనేవి కేవలం ఏర్పాట్లకు సంబంధించిన విషయాలు కావు. సదస్సు ఎవరికి అందుతుందో నిర్ణయించేవి అవే.

5. లిపి, శాసన పాఠం, పాత అచ్చు పుస్తకాల పరిష్కరణ వంటి పనులలో భాషాధ్యాపకులకు ప్రత్యామ్నాయం లేదు. సాంకేతిక సదస్సులలో వారి భాగస్వామ్యం అత్యవసరం.

కడప జిల్లాలో గ్రంథాలయం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, చదవగల అధ్యాపకులు ఉన్నారు, నేర్చుకొనే యువత ఉన్నారు. వీరందరినీ ఒక బల్ల చుట్టూ చేర్చడానికి గొప్ప వేదిక అక్కరలేదు. ఒక కంప్యూటర్ల గది, ఒక పుస్తకం, నెల రోజుల నియమం చాలు. తెలుగు శాఖలు తమ వార్షిక సదస్సుల ప్రణాళికలో కనీసం ఒక రోజును ఈ విధమైన పనికి కేటాయించడం తక్షణం చేయదగినది.